ఇరవయ్యేడో జవాబు

గా రోజుల్ల నాకు నిద్ర అంటె శానా అలుసు. పందొమ్మిదేండ్ల పిల్లను, ఇంటర్ అయిపోయి ఇంట్ల ఉన్న. కూసున్నకాడ కునుకు తీసెటోల్లను చూస్తె నాకు ఎక్కడ లేని కోపమొచ్చేది. మనిషి అనుకుంటె ఆపుకోలేనంత పెద్దదా నిద్ర, అంత బద్ధకం గాకపోతె అని ఎవలు అడగకున్న చెప్పుకుంట తిరిగేదాన్ని. ఇప్పుడు కరీంనగర్ల ఒక దవాఖానల నర్సును. వారానికి మూడు రాత్రులు డ్యూటి. పొద్దుగాల ఇంటికొచ్చేటప్పుడు ఆటోల కూసుంటె మా గల్లి దాటిపోయినంక డ్రైవరే లేపుతడు (ఒకసారి లేపకుండ మల్ల దవాఖాన కాడికే తీస్కపోయి దించిండు, డ్యూటికి పోతున్న అనుకున్నడట). ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మా అవ్వ, అంటె మా అమ్మ, మాటిమాటికి అనేది. ఆకలి సంగతి నాకు చిన్నప్పుడే ఎరుక. నిద్ర సంగతి ఎరుకయ్యేటందుకు ఇన్నేండ్లు పట్టింది. ఎరుకైన కాడినుంచి ఒక ఆదివారం నాకు మల్ల మల్ల యాదికొస్తది. ఆ రోజు నేను చేసిన నిర్వాకం చెప్పుకుంటె నవ్వొస్తది, నవ్వేటంత ఓపిక ఉంటె.

మాది నస్పూర్. బాపు, అంటె మా నాయిన, శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబాయిల పనిచేసేటోడు. బాయిల మూడు షిఫ్టులు, వారానికొకటి మారుతుండె. రాత్రి షిఫ్టు వారమైతె శనివారం రాత్రి దిగిన మనిషి ఆదివారం పొద్దుగాల ఏడింటికి పైకొచ్చేది. వచ్చి, రెండు బకీట్ల నీళ్లతోని ఒళ్లు రుద్దుకొని, తెల్లంగి వేసుకొని తొమ్మిదింటికల్ల చర్చిల కూసునేటోడు. ఎంత రుద్దినా కండ్ల చుట్టు బొగ్గు పోయేది గాదు, కాటుక పెట్టుకున్నట్టే ఉండేది. మా చర్చిల మగోల్ల దిక్కు చాపల మీద సగం మంది గట్ల కాటుక కండ్లోల్లే. మొదటి పాటకు మంచిగనే ఉండేటోల్లు. ప్రసంగం షురువైనంక ఒక్కొక్కరే పోయేటోల్లు, బయటికి గాదు, కూసున్నకాడనే నిద్రలకు. అందరిల బాపు నిద్ర వేరే. గురక లేదు, తల వాలుడు లేదు. బాసింపట్ట వేసుకొని, నడుము నిటారుగ పెట్టి, స్తంభం పక్కపొంటి పెద్దమనిషి లెక్క కూసునేటోడు. కింది పెదవి జర జారేది, గంతే. ఇంట్లోల్లకు తప్ప ఎవలకు తెల్వది.

ఎవలకు తెల్వదనే అనుకున్నం. అంతకు ముందు ఏడాది మా దిక్కు చర్చిలన్నిటి మీద ఉండే పెద్దయ్యగారు మా సంఘానికి వచ్చిండ్రు. ప్రసంగం నడుమ ఆపి, స్తంభం దిక్కు వేలు చూపి, "నువ్వు లే. నిద్రపోవడానికి ఇల్లు ఉంది, ఇది దేవుని మందిరం" అన్నరు. బాపు లేచిండు. ప్రసంగం అయ్యేదాక, అంటె ముప్పావు గంట, చేతులు కట్టుకొని గట్లనే నిలబడ్డడు. ఆ మనిషి రాత్రంత బాయిల నిలబడే ఉన్నడని పెద్దయ్యగారికి ఎవలు చెప్పలే. చెప్పవలసిన మా అయ్యగారు (మా సంఘం పాస్టరు, మంచోడే, పెద్దోల్ల ముందట నోరు లేవదు) నేల చూసుకుంట కూసున్నరు. ఇంటికొచ్చినంక బాపు తెల్లంగి విప్పి దండెం మీద ఏసిండు. అన్నం తిన్నడు, పండుకున్నడు. నిజం చెప్తున్న, ఆ రోజు నాకు కోపమొచ్చింది పెద్దయ్యగారి మీద గాదు, బాపు మీద. అందరి ముందట ఇజ్జత్ తీసిండని మూడు రోజులు సక్కగ మాట్లాడలే. ఇప్పుడు తలుసుకుంటె నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తది.

మల్ల ఏడాదికి పెద్దయ్యగారు వస్తున్నరని కబురొచ్చింది. ఆ ఆదివారం కీర్తన చదివించే వంతు మా అయ్యగారు నాకిచ్చిండ్రు. అదే మొదటిసారి. నా కాళ్లు భూమ్మీద లేవు. ఇంటికొచ్చి చెప్తె అవ్వ సంబురపడ్డది, బాపు మాత్రం గోడమీది క్యాలెండర్ దిక్కు చూసిండు. ఆ వారం రాత్రి షిఫ్టు. మార్చుకుందామని ఇద్దరు ముగ్గురిని అడిగిండట, ఎవలకు వీలు గాలేదట. రెండు దినాలైనంక డ్యూటికి పోయేముందు నన్ను పిలిచిండు.

"నువ్వు సదివితె ఇనాలెనని ఉన్నది బిడ్డా. గాని అందరి ముందట మల్ల గట్ల నిలబడుడు నాతోని కాదు. నేను రాను" అన్నడు.

ఏడాది సంది ఆ ముచ్చట కడుపుల పెట్టుకొని తిరుగుతున్నడని నాకు అప్పుడే తెలిసింది. మూడు రోజులు మూతి ముడుచుకున్నది యాదికొచ్చి సిగ్గైంది. నువ్వు రా బాపు, నీకు నిద్ర రాకుండ చూసే పూచీ నాది, నిన్ను ఎవలు నిలబెట్టరు అని మాటిచ్చేసిన. బాపు నా మొకం దిక్కు చూసి, సరే అని తలూపి బాయి మీదికి పోయిండు.

పూచీ అయితె పడ్డ గాని ఎట్లనో తెల్వది. అవ్వ చాయల మిరియాలు నూరి పోస్త అన్నది. బాపు షిఫ్టుల పనిచేసే ట్యూబులైటు మామ (ఎవలన్న జోకు చెప్తె అందరు నవ్వుడు ఆపినంక ఆయన నవ్వుతుండె, అందుకే ఆ పేరు) ముక్కుపొడి ఇస్త అన్నడు. తుమ్ములతోని కీర్తన ఆగమైతదని నేనే వద్దన్న. ఆఖరికి ఉపాయం కీర్తనల పుస్తకంలనే దొరికింది. మా చర్చిల కీర్తన చదువుడు ఒకరి పని గాదు. ముందట నిలబడ్డోల్లు ఒకటి చదివితె కూసున్నోల్లు జవాబు చెప్పాలె. అండ్ల ఒక కీర్తనల ఇరవయ్యారు వచనాలు. ప్రతి వచనం వెనుకాల ఒకటే మాట. మా ఇంటి మాటల చెప్పాలంటె, దేవుని దయ ఒడువది, ఎన్నటికి అయిపోదు అని. ఆ మాట జనం అనాలె. ఇరవయ్యారుసార్లు జవాబు చెప్పే మనిషికి నిద్రెట్ల పడ్తది? నా తెలివికి నేనే మురిసిపోయిన.

మా అయ్యగారు గూడ మంచి కీర్తన ఏరినవ్ అని మెచ్చుకున్నరు. ఎన్కట యెరూషలేంల యూదుల మందిరంల గూడ గిట్లనే ఒక దిక్కు యాజకులు, లేవీయులు స్తుతి చెప్తె ఇంకో దిక్కు జనం ఈ మాటనే అందుకునేటోల్లని చెప్పిండ్రు. (ఆ జనంల రాత్రి షిఫ్టు చేసి వచ్చినోల్లు ఉండిరా అని అడుగుదామనుకున్న, అడగలే.) ఇగ ఆ వారమంత మా ఇంట్ల అదే పని. నేను చదువుతుంటె అవ్వ రొట్టెలు కొట్టుకుంట జవాబు చెప్పేది, బాపు బూట్లకు తాళ్లు కట్టుకుంట చెప్పేటోడు. నోటికి అలవాటు కావాలెనని నేనే పట్టుబట్టి చెప్పిపిచ్చిన. గదే నేను చేసిన తప్పు. అలవాటైన పనికి మనిషి మేలుకొని ఉండనక్కర లేదని నాకు అప్పుడు ఎరుక లేదు.

ఆదివారం వచ్చింది. బాపు ఏడున్నరకు ఇల్లు చేరిండు. ఆ రాత్రి బాయిల ఏదో మోటరు చెడిపోతె నీళ్లల్ల నిలబడి పనిచేసిండ్రట, కాళ్లు నానిపోయి తెల్లగ అయినయి. అవ్వ మిరియాల చాయ ఇచ్చింది. నేను ఇద్దరి ముందట నిలబడి ఒకటికి రెండుసార్లు ధైర్యం చెప్పిన (నాకే ధైర్యం లేదు). చర్చిల పెద్దయ్యగారు అప్పటికే పెద్దకుర్చీల కూసున్నరు. శనివారం పొద్దూకినంక ఆసిఫాబాద్ దిక్కు అడవి ఊర్లల్ల రాత్రంత ప్రార్థన కూటాలు నడిపి, తెల్లారంగ మొదటి బస్సు పట్టుకొని సక్కగ మా చర్చికే వచ్చిండ్రని ఎవరో అనుకుంటుంటె విన్న. విన్న గాని నేను పట్టించుకోలే. నా కండ్లన్ని బాపు మీదనే ఉన్నయి. స్తంభం పక్కపొంటి కూసున్నడు, పక్కన ట్యూబులైటు మామ.

కీర్తన షురు చేసిన. నేను ఒక వచనం చదువుడు, జనం ఆ మాట అందుకొనుడు. ఆడోల్ల గొంతులు సన్నగ, మగోల్లవి మొద్దుగ, చర్చంత నిండింది. నాకు పుస్తకం మీద ఒక కన్ను, బాపు పెదవుల మీద ఒక కన్ను. పెదవులు కదులుతున్నయి. ఐదో వచనం, కదిలినయి. పదోది, కదిలినయి. కీర్తనల సముద్రం పాయలైంది, రాజులు కూలిండ్రు, బాపు పెదవులు ఒక్కసారి గూడ తప్పలే. నేను గెలిచిన అనుకున్న. సంబురంల గొంతు ఇంకింత పెంచిన. ఇరవయ్యారు వచనాలు ఎప్పుడు అయిపోయినయో నాకు తెల్వది. అదే పేజీల, అదే వరుసల, కిందనే ఇంకో కీర్తన షురువైతది. నడుమ ఒక్క అంకె ఉంటది. ఆ అంకెను నా కన్ను దాటేసింది, ఆ కన్ను బాపు మీద ఉన్నది గద.

ఆ తర్వాతి కీర్తన స్తుతి గాదు, ఏడుపు. పరాయి దేశానికి చెరపట్టుకపోయిన జనం, ఏటి ఒడ్డున కూసొని సొంతూరును తలుసుకొని ఏడ్చిన కీర్తన. ఏడ్చినం అని నేను జోరుగ చదివిన. దయ ఒడువది అని జనం జోరుగ జవాబు చెప్పింది. వాయించే వాద్యాలను చెట్లకు తగిలిచ్చినం అని చదివిన. ఈసారి ఆడోల్ల దిక్కు సగం గొంతులు ఆగినయి, పుస్తకాలు తిరగేసే సప్పుడైంది. మగోల్ల దిక్కు మాత్రం ఏ అడ్డు లేదు, దయ ఒడువది. మమ్ముల పట్టుకపోయినోల్లే మమ్ముల పాట పాడుమన్నరు అని చదివిన. దయ ఒడువది. ఇదేంది, ఇందాక రాజులు కూలిండ్రు, సముద్రం చీలింది, అందరు మంచిగనే ఉండిరి, ఇప్పుడు ఎందుకు ఏడుస్తున్నరు అని నాకు అప్పుడు అనుమానం వచ్చింది. పుస్తకంల అంకె చూసిన. వేరే కీర్తనలకు ఎప్పుడో దాటిపోయిన. ఆ కీర్తన ఆఖరు వచనం పసిపిల్లలున్న ఇంట్ల చదవరానంత కఠినంగ ఉంటది, అది గూడ కింద కనపడుతున్నది. టక్కున ఆపేసిన.

నేను ఆపిన గాని మగోల్లు ఆపలే. ఒక వచనం చదివేటంత సేపు సప్పుడు లేకుండ ఉన్నది, ఆ తర్వాత పది పన్నెండు గొంతులు కలిసి దయ ఒడువది అన్నయి. మల్ల అంతే సేపు నిశ్శబ్దం. ఈసారి రెండు గొంతులు, బాపుది, ట్యూబులైటు మామది. మల్ల నిశ్శబ్దం. ఈసారి ఒక్కటే గొంతు. ఏ తొందర లేకుండ, ఏ తప్పు లేకుండ, స్తంభం కాడినుంచి మా బాపు గొంతు. అప్పుడు సక్కగ చూసిన. కండ్లు మూసే ఉన్నయి. మొదటి వచనం కాడినుంచి నిద్రలనే ఉన్నడు.

పెద్దయ్యగారు కుర్చీలకెల్లి ముందుకు వంగి, ఎవరది అన్నరు. గట్టిగ గూడ అనలే. గాని బాయిల దిగేముందు మస్టర్ల, అంటె హాజరు పుస్తకంల, పేరు పిలుస్తరు, పిలిస్తె పలకకపోతె ఆ రోజు పని లేనట్టే. ముప్పై ఏండ్లు ఆ పిలుపుకు పలికిన మనిషి. దబ్బున లేచి నిలబడి, "హాజర్ సార్. నైట్ షిఫ్ట్" అన్నడు.

చర్చి చర్చంత నవ్వింది. పిల్లలు చాపల మీద పొర్లిండ్రు, ఆడోల్లు కొంగులు నోట్ల కుక్కుకున్నరు. (ట్యూబులైటు మామ ఆ రోజు అందరికంటె ముందుగ నవ్విండు, జన్మల అదొక్కసారే.) బాపు కండ్లు తెరిచిండు. ముందట మస్టర్ బాబు లేడు, సంఘం ఉన్నది, పుస్తకం పట్టుకొని ఏడుపు మొకంతోని నేనున్న. ఒక్క నిమిషంల ఆయనకు అంత సమజైంది. ఎవలు ఏమనకముందే, పోయినేడు నిలబడ్డట్టే, చేతులు కట్టుకొని నిలబడ్డడు. పెద్దయ్యగారు పుస్తకం తెరుచుకొని ప్రసంగం షురు చేసిండ్రు. నిలబడుమనలే, కూసొమ్మనలే. నేను వచ్చి అవ్వ పక్కన కూలబడ్డ. ఎవలు నిలబెట్టరని మాటిచ్చి తీసుకొచ్చింది నేను. ఆ ప్రసంగంల ఒక్క ముక్క నా చెవిల పడలే.

ప్రసంగం చిన్నగనే అయింది. తర్వాత కానుకల పాట. పెద్దయ్యగారు పెద్దకుర్చీల కూసున్నరు. పాట అయిపోయింది. ఇగ దీవెన చెప్పి జనాన్ని పంపాలె, పెద్దయ్యగారు ఉన్నప్పుడు ఆ దీవెన ఆయనే చెప్పాలె. జనమంత లేచేటందుకు తయారుగ ఉన్నరు. పెద్దయ్యగారు లేవలే. తల ఒక దిక్కు ఒరిగింది, కండ్లద్దాలు ముక్కు కొసకు జారినయి, చేతిల పుస్తకం తెరిచింది తెరిచినట్టే ఉన్నది. మా అయ్యగారు ఒకసారి దగ్గిండ్రు. ఇంకోసారి దగ్గిండ్రు. ఏం జేయాలెనో తోచక భుజం తట్టి లేపుదామని మెల్లగ చెయ్యి చాపిండ్రు. అప్పుడు చర్చి మొత్తంల నిలబడి ఉన్న మనిషి ఒక్కడే, మా బాపు.

"జర పండనియ్యిండ్రి అయ్యా. రాత్రంత మేల్కొని వచ్చిండ్రు" అన్నడు.

వెక్కిరింపు గాదు. నాకు తెలుసు ఆ గొంతు, ఇంట్ల మాకు జరమొచ్చి పండుకుంటె సప్పుడు చేయకుండ్రి అని అవ్వకు చెప్పే గొంతు. మా అయ్యగారు చాపిన చెయ్యి వెనుకకు తీసుకున్నరు. ఎవలు లేవలే. పైన పంకా కిర్రుమని తిరిగే సప్పుడొక్కటే. ఒక పావుగంట సంఘమంత గట్ల కూసున్నది. రాత్రి షిఫ్టు మగోల్లకు అది పండుగే, ఎవల కునుకు వాళ్లు తీసిండ్రు. చంటిపిల్లలు పండిండ్రు. మా సంఘం చరిత్రల అంత శాంతిగ జరిగిన ఆరాధన ఇంకోటి లేదని ఇప్పటికి చెప్పుకుంటరు.

పెద్దయ్యగారు లేచేసరికి చర్చిల నిద్రపోనోల్లు కొందరే మిగిలిండ్రు. ఆయన కండ్లద్దాలు సర్దుకొని జనం దిక్కు చూసిండ్రు, నిలబడి ఉన్న బాపు దిక్కు చూసిండ్రు. ఎంతసేపయింది అని మెల్లగ అడిగిండ్రు. ఎక్కువ గాలేదయ్యా అన్నడు బాపు. పెద్దయ్యగారి మొకం ఎర్రగ అయింది. పోయినేడు "నువ్వు లే" అన్న నోటితోనే ఆ రోజు "మీరు కూర్చోండి" అన్నరు. బాపు కూసున్నంక ఆయన లేచి నిలబడి, రోజు చెప్పే దీవెన చెప్పకుండ, నేను చదివిన పేజీకి జర ముందట ఉండే ఒక చిన్న కీర్తన తీసిండ్రు. మూడే వచనాలు. రాత్రిపూట మందిరంల నిలబడి సేవ చేసేటోల్లు దేవుని స్తుతించాలెనని, దేవుడు వాళ్లను దీవించాలెనని ఉంటది అండ్ల. యెరూషలేం మందిరంల గూడ రాత్రి డ్యూటి ఉండేదన్నమాట. నేను అడగకుండ మింగిన ప్రశ్నకు జవాబు గట్ల దొరికింది. పెద్దయ్యగారు అది చదివి, మగోల్ల దిక్కే చెయ్యి చాపి దీవించిండ్రు. మగోల్లల్ల సగం మందికి అది వినపడనే లేదు, నిద్రల ఉండిరి.

ఇంటికి నడుసుకుంట పోతుంటె నేను బాపుకు రెండడుగులు వెనుక నడుస్తున్న. మొకం చూపియ్యబుద్ధి గాలే. బాపే ఆగి, మంచిగ సదివినవ్ బిడ్డా అన్నడు. నాకు ఏడుపు, కోపం రెండు ఒక్కసారే వచ్చినయి. ఏడిదాక విన్నవ్ చెప్పు అని నిలదీసిన. బాపు జరసేపు ఆలోచన చేసి, దేవుని దయ ఒడువది అన్నకాడిదాక అన్నడు. రోడ్డు మీద అవ్వ నవ్వలేక నడుము పట్టుకొని కూసున్నది.

బాపు రిటైరై ఏడేండ్లయితుంది. గమ్మత్తు చూడుండ్రి, ఇప్పుడు ఆయనకు నిద్ర పడ్తలేదు. చర్చిల ప్రసంగం మొదలు కాడినుంచి ఆఖరుదాక వింటడు, విని ఇంటికొచ్చి తప్పులు గూడ చెప్తడు. పోయిన నెల ఒక శనివారం రాత్రి డ్యూటి చేసి, తెల్లారి ఇంటికి పోకుండ సక్కగ బస్సెక్కి నస్పూర్ చర్చికి పోయిన. దవాఖానల ఆ రాత్రి ముగ్గురు పేషెంట్లు కండ్లు మూయనీయలే. ముసలోల్లకు వెనుకాల కుర్చీలు వేస్తున్నరు ఇప్పుడు, బాపు పక్కన కుర్చీల కూసున్న. ముందట ఎవరో పిల్ల నిలబడి కీర్తన షురు చేసింది. నా కర్మకు అదే కీర్తన. ఈసారన్న సక్కగ వినాలెనని నిటారుగ కూసున్న, మొదటి వచనం విన్నట్టు యాది.

కండ్లు తెరిచేసరికి చర్చిల ఎవలు లేరు. పంకాలు ఆగినయి, చాపలు చుట్టి మూలకు పెట్టిండ్రు. తాళం పట్టుకొని ఒకాయన గడప కాడ కూసున్నడు. నా తల బాపు భుజం మీద ఉన్నది, ఆ భుజం జర గూడ కదలకుండ ఉన్నది. బాపు, నన్నెందుకు లేపలే, ఎంతసేపయింది అన్న. ఎక్కువ గాలే అన్నడు. దీవెన గూడ అయిపోయిందా అంటె, అయిపోయింది, నీ వంతు ఆమెన్ గూడ నేనే అన్న అన్నడు.

సిగ్గుతోని కొంగు సర్దుకున్న. పందొమ్మిదేండ్లప్పటి నేను ముందట నిలబడి ఉంటె, ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను నా పెదవుల మీద పెట్టి ఎంత మూతి తిప్పేదో అనుకున్న. అయినా అడగకుండ ఉండలేకపోయిన, కీర్తనకు జవాబులన్న చెప్పిన్నా బాపు అని.

"చెప్పినవ్ బిడ్డా" అన్నడు బాపు, నా సంచి భుజానికి వేసుకొని లేసుకుంట. "అందరికంటె ఒకటి ఎక్కువనే చెప్పినవ్."